మామయ్యగారి మందుల పెట్టె

పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో మామయ్యగారితో నేను నేరుగా మాట్లాడిన మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాస్తే సగం కూడా నిండదు. గొడవలేమీ లేవు. మధ్యలో అత్తయ్యగారు ఉండేవారు, అంతే. "మీ మామయ్య కాఫీ అడుగుతున్నారే" అని ఆవిడ నాతో చెప్పేవారు. "మామయ్యగారిని భోజనానికి లేవమనండి అత్తయ్యా" అని నేను ఆవిడతో చెప్పేదాన్ని. ఆయన పక్కగదిలోనే పేపరు చదువుకుంటూ రెండు మాటలూ వింటూనే ఉండేవారు. అయినా ఆవిడ లేచి వెళ్ళి మళ్ళీ చెప్పాకే ఆయన లేచేవారు. చాలా ఇళ్ళలో ఇదే కథ కాబట్టి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండేళ్ళ కిందట అత్తయ్యగారు పోయారు. మాట మోసేవాళ్ళు లేకపోయేసరికి ఇల్లు ఎంత నిశ్శబ్దంగా మారిపోయిందో! కాఫీ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, గ్లాసు కొంచెం చప్పుడు చేసి వచ్చేసేదాన్ని. ఆ చప్పుడే మా సంభాషణ.

ఆ ఏడాదే ఆయనకి పార్కిన్సన్స్ అని తేలింది. కుడిచేయి వణుకు, నడకలో చిన్న చిన్న అడుగులు, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట. మందు రోజుకి నాలుగుసార్లు: పొద్దున 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7. తిండికి అరగంట ముందు వేయాలి. పప్పు, పెరుగు, గుడ్డు లాంటి మాంసకృత్తులున్న తిండితో కలిస్తే మందు సరిగ్గా పనిచేయదట. వేళ తప్పితే ఒళ్ళు బిగుసుకుపోతుంది, కుర్చీలోంచి లేవడానికే కష్టం.

మందుల షాపులో ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నాం. అరకో బుల్లి మూత. గోటితో పట్టి లేపాలి. ఆ మూత లేపాలంటే చేయి నిలకడగా ఉండాలి, చేయి నిలకడగా ఉండాలంటే లోపలున్న మాత్ర వేసుకోవాలి. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదన్నట్టు. ఒకరోజు మూత ఒక్కసారిగా ఊడి మాత్రలన్నీ దివాన్ కిందకి దొర్లిపోయాయి. నేను వెళ్ళేసరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చీపురుపుల్లతో ఒక్కొక్కటీ లాగుతున్నారు.

ఆ రోజు నుంచి నేనే వేళకి మాత్ర, మంచినీళ్ళు తీసుకెళ్ళి చేతిలో పెట్టడం మొదలుపెట్టాను. తీసుకునేవారు. నా వంక చూసేవారు కాదు. వారం గడిచాక "అక్కడ పెట్టమ్మా, తర్వాత వేసుకుంటా" అనడం మొదలైంది. ఆ తర్వాత బల్ల మీద పెట్టిన మాత్ర సాయంత్రానికి కూడా అక్కడే ఉండేది. మావారు ఒకసారి గట్టిగా కేకలేశారు. తండ్రి ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆయనా అన్నం తినలేదు, ఈయనా తినలేదు. వండినది నేనూ మా అమ్మాయీ చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు పొద్దున్న కూరగాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆ గుమ్మం దాకా ఆయన రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్, అటక మీద నా సామాన్ల పెట్టె ఉంది. దింపించగలవా?"

ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో 1971 నుంచి 2006 దాకా రేకు పని చేశారు. రైలు పెట్టెల గోడలు, కిటికీ అంచులు, నీళ్ళ ట్యాంకుల మూతలు, ఇలా ముప్ఫై అయిదేళ్ళు. ఇంట్లో ఎవర్నీ ఆ పెట్టె ముట్టుకోనిచ్చేవారు కాదు. మావారు బ్యాంకు ఉద్యోగి. ఆయనకి సుత్తి ఇస్తే మేకు తప్ప అన్నిటి మీదా పడుతుంది. కాబట్టి ముట్టుకోవాలన్న సరదా కూడా ఎవరికీ పుట్టలేదు.

పెట్టె తెరిస్తే రేకు కత్తెర, ఆకురాళ్ళు, చెక్క సుత్తి, మూలమట్టం, గీతలు గీసే ఉక్కు సూది, రెండు ఇనుప యాంగిల్ ముక్కలు, ఒక పాత మందుసీసా నిండా అల్యూమినియం రివెట్లు. అన్నీ కొబ్బరినూనె రాసిన గుడ్డలో చుట్టి ఉన్నాయి. అటక మీదే పేపర్లో చుట్టిన అల్యూమినియం రేకు కూడా దొరికింది. 20 గేజి, అంటే మిల్లీమీటరుకి కాస్త తక్కువ మందం.

"నా మందులకి నేనే ఒక పెట్టె చేసుకుంటా" అన్నారు. కాగితం తీసుకుని గీయబోయారు. గీత అలలు అలలుగా వెళ్ళింది. ఇంకోటి గీశారు. అదీ అంతే. పెన్సిలు కింద పెట్టేసి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

వంటింట్లో ఖాళీ స్వీటు డబ్బా ఒకటుంది. దాని మూలలు ఊడదీసి బల్ల మీద పరిచాను. డబ్బా విప్పితే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? మధ్యలో అడుగు, నాలుగు వైపులా నాలుగు గోడలు, గోడల చివర అతికించడానికి చిన్న చిన్న చెవులు. "ఇలాగేనా మామయ్యగారూ?" అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. "అదే. చెవులు మర్చిపోకూడదు. చెవుల్లేకపోతే రివెట్టు ఎక్కడ కొడతాం?"

కొడతాం అన్నారు. కొడతాను అనలేదు.

కొలతలు తీసుకున్నాం. పొడవు 16 సెంటీమీటర్లు, వెడల్పు 10, ఎత్తు 4. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, అది ఫోన్లో చూసి వంపు దగ్గర రేకు ఎంత సాగుతుందో లెక్క కట్టింది. తాతయ్య ఓపిగ్గా విని, "లెక్క సరే. ముందు చిన్న ముక్క వంచి చూడండి. రేకే చెబుతుంది" అన్నారు. వేలెడంత ముక్క కత్తిరించి యాంగిళ్ళ మధ్య బిగించి వంచితే వంపు పొడవునా సన్నని పగుళ్ళు. చేయి పెడితే గరుగ్గా తగులుతున్నాయి. "గట్టి రకం. ఇలాగే వంచితే ఆరునెలల్లో విరుగుతుంది" అన్నారు ఆయన. పారేయమంటారేమో అనుకున్నాను. "సబ్బు ఉందా?" అన్నారు!

ఆ సబ్బు సంగతి మీకు చెప్పి తీరాలి. ఇనుము వేడెక్కితే ఎర్రబడుతుంది, అంటే తన సంగతి తను చెప్పుకుంటుంది. అల్యూమినియం చెప్పదు. 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది గానీ అప్పటిదాకా తెల్లగానే ఉండి, చూస్తుండగానే ఒక్కసారిగా కుంగిపోతుంది. మెత్తబడటానికి అంత వేడి అక్కర్లేదు, చాలా ముందే ఆపాలి. ఎక్కడ ఆపాలో తెలియడానికి, వంచాల్సిన గీత మీద పొడి సబ్బు రుద్ది, వెనక నుంచి సన్నని మంట మీద అటూ ఇటూ జరుపుతూ వేడి చేస్తారు. సబ్బు ముదురు గోధుమ రంగు దాటి నల్లబడుతుండగా తీసేయాలి. చల్లారాక అదే రేకు అట్టలా లొంగుతుంది. స్నానాల సబ్బు, గ్యాస్ పొయ్యి, పట్టకారు. ఈ మూడూ ఉన్న చోట ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చి, పొయ్యి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "ఇంకా... ఇంకా... చాలు, తియ్" అంటూ ఉంటే, నేను రేకు జరుపుతూ నిలబడ్డాను. ఆ పూట పప్పు ఆలస్యమైంది.

మళ్ళీ ముక్క వంచి చూశాం. పగుళ్ళు లేవు.

తర్వాత గీతలు. కోసే చోట ఉక్కు సూదితో గీయాలి, వంచే చోట మాత్రం పెన్సిలే వాడాలి. వంపు మీద సూది గీత పడితే పగులు అక్కడే పుడుతుందట. నాలుగు మూలల్లో, రెండు వంపులు కలిసే చోట చిన్న చిల్లు వేయాలి. లేకపోతే రేకు ముడుచుకునేటప్పుడు మూలలో చిరుగుతుంది. జాకెట్టు కుట్టేటప్పుడు చంక దగ్గర చిన్న గాటు పెడతాం చూడండి, అలాంటిదే. కత్తిరించేటప్పుడు కత్తెర మొన దాకా మూయకూడదు, మూస్తే ప్రతిచోటా ఒక పన్ను పడుతుంది. ఇది నాకు ఆయన చెప్పక్కర్లేకపోయింది. బట్ట కత్తిరించేటప్పుడూ అంతే కదా. నేను మూయకుండా జరుపుకుంటూ పోవడం చూసి "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు. "కుట్టుమిషను మామయ్యగారూ" అన్నాను. ఇరవై మూడేళ్ళుగా ఆ మిషను ఆయన గది గోడకి ఇవతలే ఉంది.

ఆకురాయితో అంచులు రుద్దడానికి ముందు ఆయన ముగ్గు సుద్ద అడిగారు. అల్యూమినియం మెత్తన కాబట్టి పొడి ఆకురాయి పళ్ళలో ఇరుక్కుపోతుంది, సుద్ద రాస్తే ఇరుక్కోదు. నేను రెండు రోజులు మధ్యాహ్నాలు అంచులు రుద్దుతూనే కూర్చున్నాను. ఇందులో తెలివి అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. వేలు ఆనించి జరిపితే ఎక్కడా గుచ్చుకోకూడదు. ఆయన వేళ్ళు వణుకుతాయి కాబట్టి ఎక్కడ తగులుతాయో తెలియదు, అందుకని లోపలి అంచులు కూడా రుద్దాను.

బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని, ఊరికే ఉండలేను కదా. రేకు అన్న మాట గురించే ఆలోచిస్తూ రుద్దాను. పువ్వుకీ రేకే, పైకప్పుకీ రేకే. అన్నమయ్య కీర్తనలు చెక్కించినవి రాగిరేకులు. పలచగా, వెడల్పుగా ఉన్న దేనికైనా మనవాళ్ళకి ఒకటే మాట. ఇక ఈ అల్యూమినియాన్ని మా అమ్మగారింట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. "సిల్వర్ గిన్నె" అనేవాళ్ళు. పేదింటి వెండి! నా చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళిన పెట్టె కూడా అదే. మూత మీద సొట్టలు, లోపల పలక, బలపాలు, రేగుపళ్ళు. ఆ పెట్టె అంచులు చేతికి గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉండేవని నాకు ఇప్పుడే తట్టింది.

"మాటు వేయొచ్చు కదా మామయ్యగారూ, రివెట్లెందుకు?" అని అడిగాను. బిందెలకి మాట్లు వేసేవాళ్ళు మా వీధిలో తిరిగేవాళ్ళు మరి. ఇత్తడికీ రాగికీ పట్టే మాటు దీనికి పట్టదట. అల్యూమినియం మీద కంటికి కనబడని పొర ఒకటుంటుంది. గీకినా గాలి తగలగానే మళ్ళీ ఏర్పడుతుంది. తుప్పు పట్టకుండా కాపాడేది అదే, మాటు అంటకుండా అడ్డుపడేదీ అదే. ఇలాంటివి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో వణుకు ఉండదు. అది నేను అప్పుడే గమనించాను.

వంచడం మాత్రం నేననుకున్నంత కష్టం కాలేదు. విరిగిన పీట చెక్కని వడ్రంగి దగ్గర పెట్టె లోపలి కొలతకి కోయించుకొచ్చారు మావారు. (ఆయన వంతు సాయం ఇదీ, డ్రిల్లింగ్ మిషనూ.) దాని మీద రేకు బిగించి, ఇంకో చెక్కతో గోడ మొత్తాన్ని ఒకేసారి నెట్టాలి. సుత్తితో కొడుతూ పోతే రేకు సాగి అంచు అలల్లా తయారవుతుంది. పూర్తిగా లొంగాక చెక్క సుత్తితో వంపు పొడవునా నెమ్మదిగా తట్టాలి. వంచినది కాస్త వెనక్కి లేస్తుంది, అందుకని నిలువు కంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువే నెట్టాలి. ముందు చెవులు, తర్వాత గోడలు. వరస తప్పితే చివరి గోడ వంచడానికి చోటుండదు. నిజమైన మడతపేచీ అంటే ఇదేనన్నమాట.

మూడో గోడ నెడుతుండగా ఆయన ఉన్నట్టుండి అన్నారు. "మీ అత్తయ్యకి ఏదన్నా చేసిపెట్టాలని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. రోజంతా రేకులే, ఇంటికొచ్చాక కూడా రేకులేనా అనిపించేది."

ఏమనాలో నాకు తోచలేదు. చెక్క నొక్కి పట్టుకుని అలాగే ఉన్నాను. కాసేపయ్యాక "ఇక తట్టు" అన్నారు. తట్టాను.

రివెట్లు మొత్తం పదహారు. మూలకి రెండు చొప్పున ఎనిమిది, మూతకి పెట్టిన రెండు మడతబందులకి ఎనిమిది. పైన మిగిలే తోక రివెట్టు మందానికి ఒకటిన్నర రెట్లుండాలి. మావి మూడు మిల్లీమీటర్లవి, కాబట్టి నాలుగున్నర. తల లోపల, తోక బయట. లోపల తల కింద దన్నుగా అల్లం దంచే ఇనుప రోకలి పెట్టాం. అన్ని చిల్లులూ ఒకేసారి వేయకూడదు. చెవినీ గోడనీ కలిపి పట్టి ఒకటి వేసి, రివెట్టు బిగించాక రెండోది. లేకపోతే చివరికి చిల్లులు ఎదురెదురుగా రావు.

మొదటిది తనే కొడతానన్నారు. నేనూ మా అమ్మాయీ పెట్టె పట్టుకున్నాం. పొద్దున 11 గంటల మాత్ర వేసుకుని గంటయింది, అంటే చేయి బాగుండే వేళే. సుత్తి ఎత్తారు. మొదటి దెబ్బ సరిగ్గానే పడింది. రెండోది పక్కన రేకు మీద పడి గోళీ అంత సొట్ట పడింది. మూడోసారి ఎత్తలేదు. సుత్తి తిప్పి పిడి నా వైపు పెట్టి ఇచ్చారు.

మా అమ్మాయి "పర్లేదు తాతయ్యా, ఆకురాయితో రుద్దితే పోతుంది" అంది.

"వద్దు, రేకు పలచబడుతుంది. ఉండనీ."

మిగతా పదిహేనూ నేను కొట్టాను. నాలుగో దానికి కింది ఫ్లాటువాళ్ళు పైకొచ్చారు. మామయ్యగారు లేచి, ఆ చిన్న చిన్న అడుగులతోనే తలుపు దాకా వెళ్ళి, "ఇంకో గంట పని ఉందండీ, ఏమనుకోకండి" అన్నారు. అత్తయ్యగారు పోయాక ఆయన బయటివాళ్ళతో మాట్లాడగా వినడం అదే మొదలు.

మూత గురించి ఎక్కువ ఆలోచించింది నేనే. వేళ్ళతో పట్టి లేపేది ఆయనకి పనికిరాదు. ముందువైపు అంగుళం బయటికి పొడుచుకొచ్చేలా మూత చేసి, ఆ అంచుని చీరకి ఫాల్ మడిచినట్టు కిందకి మడిచాం. అరచేతి కింది భాగం ఆనించి పైకి నెడితే చాలు, మూత లేస్తుంది. మడిస్తే అంచు గుండ్రంగా ఉంటుంది, రేకు కూడా బిర్రుగా నిలుస్తుంది. లోపల అరలకి నమూనా మా పోపుల డబ్బా. చిన్న గిన్నెలన్నిటికీ కలిపి ఒకే మూత! రెండు పట్టీలకి సగం దాకా గాటు పెట్టి ఒకదాన్ని ఇంకోదాంట్లో దూరిస్తే నాలుగు గదులు వచ్చాయి. పెట్టె తేలిక కదా, చేయి తగిలితే బల్ల మీద జారుతోంది. పాత కుక్కరు గాస్కెట్టు ముక్కలు కోసి అడుగున అంటించాను. ఇప్పుడు కదలదు.

ఇది ఆయన జబ్బుకి మందు కాదని నాకు తెలుసు. ఈ జబ్బు తగ్గేది కాదని డాక్టరు ముందే చెప్పారు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ మూత కూడా ఆయన చేతికి అందకపోవచ్చు, అప్పుడు మళ్ళీ నేనే మాత్ర చేతిలో పెట్టాల్సి రావచ్చు. ఇప్పటికి మాత్రం రాత్రి ఏడింటి మందు పనిచేస్తున్న వేళ చూసుకుని, మర్నాటి నాలుగు మాత్రలూ తనే అరల్లో వేసుకుంటున్నారు. పొద్దున వంటింట్లో ఉంటే ఏడింటికి మూత పడిన చప్పుడు టక్కున వినబడుతుంది. ఏడూ పదయినా వినబడకపోతే ఇక్కడి నుంచే "మామయ్యగారూ, ఏడు దాటింది" అంటాను. "ఆఁ, తెలుసమ్మా" అంటారు కాస్త విసుగ్గా. ఆ విసుగు నాకు బాగానే ఉంది.

మొన్న ఆదివారం మిగిలిన రేకు ఎంతుందో కొలవమన్నారు. ముప్ఫై ఒకటికి ఇరవై రెండు అని చెప్పాను. దేనికి అంటే "నీకు పోపుల డబ్బా" అన్నారు.

"నాకు స్టీలుది ఉంది కదా మామయ్యగారూ. పైగా అల్యూమినియానికి ఉప్పు, చింతపండు తగిలితే పాడవుతుంది."

"పోపుల డబ్బాలో ఉప్పూ చింతపండూ ఎవరు పెడతారు? ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు. వాటికేమవుతుంది?"

"తడి చేత్తో తీస్తాం. వంట చేసేవాళ్ళకి తెలుస్తుంది ఆ సంగతి."

"రేకు పని చేసినవాడికి ఇంకా బాగా తెలుస్తుంది."

మావారు పేపరు దించి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. వాదన ఇంకా తెగలేదు. గుండ్రంగా చేయాలా, చదరంగా చేయాలా అన్నదాని దగ్గర ఉంది.